సీటు స్విచ్చు డైరెక్ట్ చేసిన మూవర్లను షెడ్డు దాటనివ్వకండి

గేటెడ్ కమ్యూనిటీల సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు. ఐటీ పార్కుల, విద్యాసంస్థల ఎస్టేట్ అధికారులకు. పార్కులు, చెరువు కట్టల నిర్వహణ చూసే ఇంజినీర్లకు. ఫంక్షన్ లాన్ల, ఫామ్‌హౌస్‌ల యజమానులకు. వీళ్లందరి దగ్గరా పని పట్టే గార్డెన్ కాంట్రాక్టర్లకు...

అయ్యా, అమ్మా,

కూర్చుని నడిపే గడ్డికోత మిషన్లను, అంటే మనం రైడాన్ మూవర్లు అంటున్నవాటిని, నడపడం నేర్పేవాళ్లం, విప్పి బాగుచేసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. నడిపే మనిషి తీసుకోవాల్సిన జాగ్రత్తలు మిషన్‌తో పాటు వచ్చే పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం ఇంగ్లిషులో ఉంటుంది, పైగా ఆఫీసు బీరువాలో ఉంటుంది, అది వేరే సంగతి. మేం మీకే రాయడానికి కారణం ఉంది. మూవర్ ఏ వాలు ఎక్కాలి, గంటకు ఎన్ని ఎకరాలు కొయ్యాలి, ఏ వేళప్పుడు బయటికి రావాలి, పాడైన స్విచ్చు మార్చాలా వద్దా అనే నిర్ణయాలన్నీ మీ సంతకంతోనే జరుగుతున్నాయి. సీటు మీద కూర్చున్నవాడి చేతిలో మిగిలేది స్టీరింగు ఒక్కటే.

ముందుగా ఒక పని చేయండి. షెడ్డుకు వెళ్లి, తాళంచెవి తీసి ఉందో లేదో చూసుకుని, మూవర్ సీటును ముందుకు మడవండి. అడుగున అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ స్విచ్చు, దానికి తగిలించిన వైర్ల సాకెట్టు కనిపిస్తాయి. సాకెట్టు ఊడదీసి, వైర్లను మెలేసి, నల్ల టేపు చుట్టి ఉంటే మీ మెకానిక్ దాన్ని డైరెక్ట్ చేశాడన్నమాట. కొన్నిచోట్ల టేపు కూడా ఉండదు. స్విచ్చు ఎప్పుడూ నొక్కుకునే ఉండేలా చెక్కముక్క దూర్చి తాడు కడతారు.

బ్లేడు తిరుగుతుండగా మనిషి సీటు మీంచి లేస్తే ఇంజిన్‌ని ఆపేయడం ఆ స్విచ్చు పని. ఇంజిన్‌తో పాటు బ్లేడ్లు కూడా ఆగాలి. అందుకు కంపెనీలు పెట్టుకున్న గడువు 5 సెకన్లు. ఆ 5 సెకన్లే ఎందుకంత ముఖ్యమో లెక్క కట్టి చూడొచ్చు. బ్లేడ్లను పైనుంచి కప్పి ఉంచే ఇనుప మూతను డెక్కు అంటాం. 42 అంగుళాల డెక్కు కింద రెండు బ్లేడ్లుంటాయి, ఒక్కోటి సుమారు 21 అంగుళాలు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే బ్లేడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు. ఆ కొసకు తగిలిన కంకరరాయి మనిషిని అక్కడికక్కడే పడేయగలదు. స్విచ్చు డైరెక్ట్ చేసిన మిషన్ వాలు మీద జారి మనిషి కింద పడ్డాక కూడా, పైన ఎవరో కూర్చున్నట్టే బ్లేడు తిప్పుతూ వస్తుంది.

మరి అంత ముఖ్యమైనదాన్ని ఎందుకు తీసేస్తారు? బద్ధకమో నిర్లక్ష్యమో అనుకుంటే తప్పు. కోస్తుంటే మధ్యమధ్యలో ఇంజిన్ ఆగిపోతోందని మెకానిక్‌ను పిలుస్తారు. అతను స్విచ్చు దగ్గర లోపం కనిపెట్టి, వైరు కలిపి, ‘ఇక ఆగదు సార్’ అని వెళ్లిపోతాడు. ఇంజిన్ ఎందుకు ఆగుతోందో అడిగినవాడు ఉండడు. మేం చూసిన కారణాల్లో మొదటిది టైర్లలో గాలి. మామూలు లాన్ ట్రాక్టర్‌కు, అంటే స్టీరింగుతో తిప్పే రకం మూవర్‌కు, ముందు టైర్లలో 14, వెనక టైర్లలో 10 పీఎస్‌ఐ దగ్గర ఉంటే చాలు; సరైన అంకె మీ మోడల్ పుస్తకంలో ఉంటుంది. పంక్చర్ షాపులో బండికి కొట్టినట్టే 30 కొట్టి పంపిస్తారు. రాయిలా బిగిసిన టైరు ప్రతి గుంతకూ ఎగురుతుంది, సీటు పైకి లేస్తుంది, స్విచ్చు తన పని తాను చేస్తుంది. రెండో కారణం సీటు కింద స్ప్రింగు. తొంభై కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని బిగించిన స్ప్రింగు యాభై కిలోల కుర్రాడి బరువుకు పూర్తిగా కుంగదు. చాలా సీట్లకు బరువు సర్దుకునే మర ఉంటుంది, దాన్ని తిప్పితే సరిపోతుంది. మూడోది, ప్రెషర్ వాషర్‌తో సీటు కింద దాకా కడిగితే సాకెట్టు పిన్నులు పచ్చగా చిలుమెక్కడం. మూడూ గాలి మీటరు, స్పానరు, గరుకు కాగితంతో తేలిపోయే పనులే.

రోజూ పని మొదలుపెట్టే ముందు రెండు నిమిషాల పరీక్ష ఉంది. చదును నేల మీద, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు చేయాలి. బ్రేకు తొక్కకుండా తాళంచెవి తిప్పితే సెల్ఫ్ కొట్టకూడదు. బ్రేకు తొక్కి, బ్లేడు మీట వేసి ఉంచి తిప్పినా కొట్టకూడదు. తర్వాత మామూలుగా స్టార్ట్ చేసి, బ్లేడు వేసి, కాళ్లు ఫుట్‌బోర్డు మీదే ఉంచి, సీటు మీంచి కొద్దిగా లేవాలి. ఇంజిన్ చావాలి. మళ్లీ స్టార్ట్ చేసి బ్లేడు వేసి, ఈసారి మీట తీసేసి మనసులో లెక్కపెట్టాలి. అయిదు దాటినా కింద గరగర వినిపిస్తుంటే బ్లేడు బ్రేకు అరిగిందనో, బెల్టు పట్టుకుపోతోందనో అర్థం. వెనక్కి నడిపేటప్పుడు బ్లేడు ఆపేసే మోడల్ అయితే అదీ చూడాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజుకు మిషన్ షెడ్డులోనే. మినహాయింపు లేదు.

బెల్టు గురించి ఒక మాట. తెగిన బ్లేడు బెల్టు పట్టుకెళ్లి, అదే కొలతకు మామూలు వీ-బెల్టు కొని తెచ్చి వేయడం మన దగ్గర మామూలు. పొడవు, వెడల్పు సరిపోతాయి, తిరుగుతుంది కూడా. కానీ మీటతో బిగిసి వదులయ్యే మూవర్లకు జారుడు గుడ్డ చుట్టిన, కెవ్లార్ దారంతో చేసిన ప్రత్యేకమైన బెల్టు ఉంటుంది. మామూలు రబ్బరు బెల్టు పుల్లీని వదలకుండా పట్టుకుంటుంది. మీట తీసినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. మిగిలిన డబ్బు ఎంతో బిల్లులో కనిపిస్తుంది, ఎన్ని సెకన్లు పెరిగాయో మాత్రం ఎవరూ రాయరు.

ఇక వాలు. రైడాన్ మూవర్లు మనుషుల ప్రాణాలు తీసేది ఎక్కువగా బోర్లాపడి, మనిషిని కింద నొక్కేసి. సాధారణ లాన్ ట్రాక్టరే రెండు వందల కిలోల చిల్లర ఉంటుంది, ఉన్నచోటే గిర్రున తిరగగల పెద్ద జీరో టర్న్ మిషన్లు అంతకు రెట్టింపు. చాలా కంపెనీలు పెట్టే హద్దు 15 డిగ్రీలు, కొన్ని మోడళ్లకు 10 డిగ్రీలే. మీ స్థలంలో 15 డిగ్రీలు ఎక్కడుందో కళ్లతో చూసి చెప్పలేరు, మేమూ చెప్పలేం. కొలవాల్సిందే. మీటరు పొడవున్న తిన్నటి చెక్కపట్టీ, మేస్త్రీల దగ్గరుండే స్పిరిట్ లెవెల్, టేపు తీసుకోండి. పట్టీ ఒక కొసను వాలు మీద పైవైపు ఆనించి, రెండో కొసను కిందివైపు గాలిలో చాచి, స్పిరిట్ లెవెల్ బుడగ మధ్యకు వచ్చేదాకా సరిచేయండి. గాలిలో ఉన్న కొస నుంచి నేల దాకా కొలవండి. 27 సెంటీమీటర్లు వస్తే 15 డిగ్రీలు. 17.5 సెంటీమీటర్లు వస్తే 10 డిగ్రీలు. 27 దాటిన చోటల్లా, మీది 10 డిగ్రీల మోడల్ అయితే 17.5 దాటిన చోటల్లా, నేల మీద సున్నపు గీత గీయించండి. ఆ గీత అవతల రైడాన్ మూవర్ చక్రం పెట్టకూడదు.

చెరువు కట్టలు చూసే ఇంజినీర్లు ఇక్కడ కాస్త ఆగి చదవాలి. మట్టికట్ట పక్కవాలు 1:2 అని మీ డ్రాయింగులోనే ఉంటుంది. అంటే 26 డిగ్రీలు పైమాటే. మా పట్టీ లెక్కలో 50 సెంటీమీటర్లు. రోడ్డు కోసం పోసిన మట్టికట్టలదీ దాదాపు ఇదే లెక్క. కాబట్టి కట్ట పైభాగం చదునుగా, వెడల్పుగా ఉంటే అక్కడ రైడాన్ మూవర్ నడపొచ్చు, పక్కవాలు మీద మాత్రం ఏ కాలంలోనూ నడపడానికి లేదు. అక్కడ భుజానికి తగిలించుకుని కోసే బ్రష్ కట్టర్, లేదా దూరం నుంచి రిమోట్‌తో నడిపే వాలు మూవర్. టెండరులో ‘కట్ట మొత్తం రైడాన్ మూవర్‌తో’ అని ఒక్క వాక్యం రాసేస్తే, ఆ 26 డిగ్రీల మీదికి ఎవరినో ఒకరిని పంపినట్టే.

15 డిగ్రీల లోపు ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదు. మిషన్ అడ్డంగా పోతున్నప్పుడు రెండు చక్రాల మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకుందాం. కిందివైపు చక్రం పది సెంటీమీటర్ల గుంతలో దిగితే అక్కడికక్కడ ఏడు డిగ్రీలు కలుస్తాయి. పది డిగ్రీల వాలు పదిహేడు అయిపోతుంది. అలాంటి గుంతలకు మన ఊళ్లో కొదవ లేదు. ఇంకుడు గుంతల మీది పలకలు ఒక మూల కుంగి, పైన గడ్డి అల్లుకుపోయి ఉంటాయి. చచ్చిన మొక్క పీకేసిన గొయ్యి పూడ్చి ఉండదు. పందికొక్కు బొరియలు, లీకైన డ్రిప్ పైపు కింద మెత్తబడ్డ మట్టి, అన్నీ గడ్డి కిందే ఉంటాయి. అందుకే వాలు ఉన్న ప్రతి తునకనూ మూవర్ ఎక్కించే ముందు ఒకసారి కాలినడకన తిరిగి, గుంతల దగ్గర జెండాపుల్ల గుచ్చాలి.

స్టీరింగు తిప్పే లాన్ ట్రాక్టర్‌ను వాలు మీద నిలువుగా, పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా కాదు. జీరో టర్న్ మోడళ్లలో కొన్ని కంపెనీలు అడ్డంగానే కొయ్యమంటాయి, మీ పుస్తకంలో ఏముందో అదే పాటించండి. జీరో టర్న్‌కు ఇంకో గుణం ఉంది. ముందు చక్రాలు కుర్చీ చక్రాల్లా ఊరికే తిరుగుతాయి, మలుపంతా వెనక చక్రాలదే. తడి గడ్డి మీద వెనక చక్రాలు పట్టు తప్పితే బ్రేకూ పోతుంది, స్టీరింగూ పోతుంది. అందుకే జూన్ నుంచి అక్టోబరు దాకా వాన పడిన పూట వాలు జోలికి వెళ్లొద్దని కాంట్రాక్టులోనే రాయండి. కోయకపోతే ఆ వారం గడ్డి మూడంగుళాలు ఎక్కువ పెరుగుతుంది, అంతేగా.

దిగుతున్నప్పుడు గేరు తప్పించి దొర్లనివ్వకూడదు. మధ్యలో ఆగకూడదు, మలుపు తిప్పకూడదు. ఎక్కుతుండగా ఇంజిన్ మూలిగితే బ్లేడు తీసేసి, అదే గీత మీద నెమ్మదిగా వెనక్కి దిగాలి. మిషన్ ఒరుగుతోందనిపిస్తే కాలు కింద ఆనించి ఆపాలని చూడడం మనిషి సహజ గుణం, కుర్రాళ్లు బైకు అలవాటుతో ఆ పని చేస్తారు. రెండొందల కిలోలు కాలితో ఆగవు. డెక్కు కిందికి పోయేది ఆ కాలే. మిషన్ బోర్లాపడినా మనిషి నలగకుండా సీటు వెనక నిలబెట్టే ఇనుప కమ్మీ, అంటే రోల్ బార్, ఉన్న మిషన్ అయితే బార్ లేపి ఉన్నప్పుడు సీటు బెల్టు పెట్టుకోవాలి, చెట్ల కొమ్మలకు తగులుతుందని బార్ మడిచినప్పుడు బెల్టు తీసేయాలి, ఆ స్థితిలో వాలు ఎక్కకూడదు. బార్ లేకుండా బెల్టు ఒక్కటే పెట్టుకుంటే మనిషి మిషన్‌తో పాటే కిందికి పోతాడు. ఈ సంగతి తెలియక ‘సీటు బెల్టు తప్పనిసరి’ అని బోర్డు మాత్రం రాయించే సంఘాలు ఉన్నాయి.

చెరువు నీళ్లు, నాలా అంచు, పోడియం గార్డెన్ (పార్కింగ్ అంతస్తు కప్పు మీద వేసిన తోట) చివర, రిటైనింగ్ గోడ, వీటి నుంచి మిషన్ వెడల్పుకు రెండింతల దూరం వదలండి. 42 అంగుళాల మిషన్‌కు అది రెండు మీటర్ల పైచిలుకు. ఆ పట్టీలో గడ్డిని చేత్తో తోసే మూవర్‌తోనో బ్రష్ కట్టర్‌తోనో కోయించండి, లేదా గడ్డి తీసేసి పొదమొక్కలు పెట్టించండి. రెండోది ఒకసారి ఖర్చు, మళ్లీ జన్మలో గొడవ ఉండదు.

నేల మీద పడి ఉండే వస్తువుల సంగతికి వస్తే, పుస్తకాల్లో రాళ్లు, కర్రలు అని రాసి వదిలేస్తారు. హైదరాబాద్‌లో ఆ జాబితా వేరు. ఫంక్షన్ లాన్లలో అన్నిటికంటే భయపెట్టేది శామియానా మేకు. టెంట్ హౌస్ వాళ్లు అర్ధరాత్రి విప్పుకుపోయే హడావుడిలో తల విరిగినవి, వంగినవి నేలలోనే వదిలేస్తారు. రెండంగుళాలు పైకి ఉన్న ఇనుప మేకుకు బ్లేడు తగిలితే బ్లేడు వంగడం అదృష్టం. ముక్క విరిగి డెక్కు పక్కనుంచి బయటికి దూసుకెళ్లడం అదృష్టం కాదు. దీనికి కాగితం పని ఒకటి సరిపోతుంది. కొట్టినవి ఎన్ని, పీకినవి ఎన్ని అని టెంట్ హౌస్ రాసిస్తేనే డిపాజిట్ వాపసు. లెక్క తేలకపోతే అడ్డపట్టీకి అయస్కాంతాలు బిగించిన బండి ఒకటి లాగించండి, బైండింగ్ వైరు ముక్కలు కూడా దొరుకుతాయి.

సంక్రాంతి తర్వాత మాంజా. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అయినా జనవరి చివర్లో మూవర్ డెక్కు విప్పితే అదే దొరుకుతుంది. బ్లేడు వెనక ఇరుసుకు చుట్టుకుని, వేడికి కరిగి, బేరింగ్ సీలును కోసేస్తుంది. గ్రీజు కారిపోతుంది, బేరింగ్ పొడిబారి కాలిపోతుంది, దాని పక్కనే ఎండుగడ్డి పేరుకుని ఉంటుంది. పండగ తర్వాత మొదటి కోతకు ముందు లాన్ అంతా పళ్లున్న రేక్‌తో గీయించండి, కోత అయ్యాక డెక్కు కింద చూడండి.

ఇంకా క్రికెట్ స్టంపులు, పాప్-అప్ స్ప్రింక్లర్ తలలు, దీపావళి రాకెట్ల సీసాలు. మార్చి నుంచి వానాకాలం దాకా తీతువు పిట్ట గుడ్లు కూడా: అది గూడు కట్టదు, గడ్డిలోనో గులకరాళ్ల మధ్యో నేల మీదే పెడుతుంది. మనిషి దగ్గరికొస్తే నెత్తిమీద తిరుగుతూ గోలగోల చేస్తుంది. తీతువు అరిస్తే అపశకునం అంటారు గానీ, అక్కడ నాలుగు జెండాలు పాతి ఆ కాస్త చోటు వదిలేయమని అది చెబుతున్నట్టే. పిల్లలు లేచి వెళ్లేదాకా అక్కడ గడ్డి పెరిగితే కొంపలేం మునగవు.

డెక్కు పక్కన గడ్డి బయటికి కొట్టే చోట కిందికి వాలి ఉండే ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. గడ్డి పేరుకుంటోందని దాన్ని పైకి లేపి వైరుతో కట్టేస్తారు, లేదా ఊడదీసి షెడ్డులో పడేస్తారు. రాయి ఎగిరినా నేలకేసి కొట్టేది ఆ రెక్కే. అది లేని మిషన్ నుంచి వచ్చే రాయి నడుము ఎత్తున వస్తుంది. గడ్డి పేరుకోవడానికి అసలు కారణం వేరే ఉంటుంది. వానాకాలంలో రెండు వారాలు వదిలేసిన గడ్డిని ఒకేసారి అడుగంటా కొయ్యబోతారు. పొడవులో మూడో వంతుకు మించి ఒకసారి తీయకూడదు. మొదటిసారి డెక్కు పైగీతలో పెట్టి, రెండు మూడు రోజులాగి మళ్లీ కోస్తే గడ్డీ బాగుంటుంది, డెక్కూ మూసుకుపోదు.

మూసుకుపోయినప్పుడే వేళ్లు పోతాయి. ఇంజిన్ నడుస్తుండగా గడ్డి బయటికొచ్చే నోట్లో చెయ్యి పెట్టేవాళ్లు ఉన్నారని చెబితే నమ్మరు, కానీ ఉన్నారు. అంతకంటే ఎక్కువమంది ఇంజిన్ ఆపాక పెట్టి దెబ్బతింటారు. బ్లేడు మీట తీయాలి, పార్కింగ్ బ్రేకు వేయాలి, ఇంజిన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకోవాలి, అన్నీ ఆగేదాకా సీట్లోనే ఉండాలి. ఆ తర్వాత ప్లగ్గు వైరు ఊడదీసి పక్కకు కట్టాలి. గడ్డిని కర్రతోనే లాగాలి, చేత్తో కాదు. రెండు బ్లేడ్లకూ ఒకే బెల్టు ఉంటుంది కాబట్టి ఒకదాన్ని తిప్పితే రెండోది కూడా కదులుతుంది. ఎడమ చెయ్యి ఒక బ్లేడును నెడుతుండగా కుడి చేతి వేళ్లు రెండో బ్లేడు దగ్గరుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కిందికి దూరి పనిచేయాలంటే జాకీ ఒక్కటే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాలి. వంగిన బ్లేడును సుత్తితో సాపు చేయించడం, పగిలినదానికి వెల్డింగు కొట్టించడం రెండూ మానుకోండి. వేడి తగిలిన ఉక్కు పెళుసెక్కి, రెండో రాయికే ముక్కవుతుంది. పదును పెట్టాక బ్లేడు మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూడాలి. ఒకవైపు దిగితే ఆ వైపు ఇంకొంచెం అరగదీయాలి. బిగించేటప్పుడు రెక్కలు డెక్కువైపు, అంటే పైకి ఉండాలి. బోల్టు ఎంత బిగువో పుస్తకంలో చూసి టార్క్ రెంచీతో బిగించాలి.

పెట్రోల్ గురించి క్లుప్తంగా. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసినది. మూవర్ ఇంజిన్లలో ఎక్కువ వాటికి కంపెనీలు ఒప్పుకునేది 10 శాతమే. రబ్బరు పైపులు మెత్తబడి, క్లిప్పు దగ్గర చెమ్మ కడతాయి, అక్కడికి జానెడు దూరంలో సైలెన్సర్ ఉంటుంది. నెలకోసారి పైపును వేళ్లతో నొక్కి చూసి, జిగురుగా అనిపిస్తే మార్చేయండి. వేడి ఇంజిన్‌లో పెట్రోల్ పోయకుండా పావుగంట ఆగాలి. క్యాను నేల మీద పెట్టి నింపాలి, ట్రక్కు మీదో ప్లాస్టిక్ పరుపు మీదో పెట్టి కాదు. నెల రోజులకు మించి మిషన్ నిలిపేస్తే ట్యాంకు ఖాళీ చేయండి. ఏప్రిల్, మే నెలల్లో రోజూ పని అయ్యాక సైలెన్సర్ చుట్టూ ఎండుగడ్డి ఊడ్చకుండా షెడ్డులో పెట్టొద్దు.

మనుషుల మాట. మూవర్ వెనకే చీపుళ్లతో గడ్డి ఊడ్చే ఆడవాళ్లు నడుస్తుంటారు, ఇది మన నగరంలో ఏ పెద్ద లాన్‌లోనైనా కనిపించేదే. పని త్వరగా తెమలాలని సూపర్‌వైజరే అలా పెడతాడు. మూవర్ ఒక తునక పూర్తిచేసి, ఆగి, తాళంచెవి తీశాకే ఊడ్చేవాళ్లు అందులో అడుగుపెట్టాలి. గడ్డి బయటికి కొట్టే వైపు ముప్ఫై మీటర్ల దూరంలో ఎవరూ ఉండకూడదు, ఆ వైపు ఎప్పుడూ కోసేసిన ఖాళీ లాన్‌కేసి ఉండేలా దారి వేసుకోవాలి, కార్లకేసో వాకింగ్ ట్రాక్‌కేసో కాదు. నడిపేవాడికి చెప్పులు కాదు, బూట్లు ఇవ్వండి. కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు ఇవ్వండి. ఇంజిన్ చప్పుడు చెవి దగ్గర 90 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. మెడలో వేలాడే తువ్వాలు తీసేయమనండి.

పిల్లల విషయంలో పెద్దలే ముందుండి తప్పు చేయిస్తారు. ‘బాబును ఒక రౌండు తిప్పు’ అని ఫ్లాట్ ఓనరే అడిగితే నెలజీతం కుర్రాడు కాదనలేడు. ఒకసారి ఒళ్లో కూర్చున్న పిల్లవాడు రెండోసారి ఆ చప్పుడు వినగానే మిషన్‌కేసి పరుగెత్తుకొస్తాడు, వెనక నుంచి వస్తాడు, మిషన్ వెనక్కి వస్తుంటుంది. చిన్నపిల్లల కాళ్లు తెగిన ప్రమాదాలు ఎక్కువగా ఇలా వెనక్కి వచ్చేటప్పుడు జరిగినవే. వెనక్కి నడపాల్సొస్తే బ్లేడు తీసి, తల తిప్పి వెనకా కిందా చూసి, చూస్తూనే రావాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం పదహారేళ్ల లోపు వాళ్లను రైడాన్ మూవర్ ఎక్కనివ్వొద్దంటుంది. మీ కమ్యూనిటీలో కోత వేళలు నోటీసు బోర్డు మీద పెట్టండి: స్కూలు రోజుల్లో పిల్లల బస్సులు వెళ్లాక, తిరిగి రాకముందు. వేసవి సెలవుల్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిది. సాయంత్రాలు, ఆదివారాలు అసలే వద్దు.

కాంట్రాక్టర్ మిషన్‌ను మినీ ట్రక్కులో తెస్తాడు. రెండు సెంట్రింగ్ పలకలు ఆనించి, వాటి మీద నడిపి దించుతారు. ట్రక్కు పళ్లెం 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ర్యాంపు కనీసం 2.8 మీటర్లు పొడవుండాలి, ఎత్తుకు నాలుగింతలు. పలకలు కాకుండా మిషన్ మొత్తం వెడల్పుకు సరిపోయే ఒకే ర్యాంపు, ట్రక్కుకు గొలుసుతో కట్టింది కావాలి. జీరో టర్న్‌ను వెనక్కి నడుపుతూ ఎక్కించాలి, ముందుకు నడుపుతూ దించాలి. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు ట్రక్కు నంబరు ఎలాగూ రాస్తారు, ర్యాంపు ఉందా లేదా అని ఇంకో గడి కలపండి.

చివరగా డబ్బు. 42 అంగుళాల డెక్కు అంటే 1.07 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో తిన్నగా పోతే గంటకు 5,300 చదరపు మీటర్లు. గీత మీద గీత కలిపేది, మలుపులు, చెట్ల చుట్టూ తిరిగేది తీసేస్తే మిగిలేది సుమారు 4,000, అంటే ఎకరం. ఎకరాల లెక్కన తక్కువకు కోట్ చేసినవాడికి పని ఇచ్చి, ఒకే మిషన్‌తో పూటకు ఎనిమిది ఎకరాలు చూపించమంటే అతను గంటకు పది కిలోమీటర్లు తోలుతాడు, పొద్దుటి పరీక్ష ఎగ్గొడతాడు, వాన పడినా ఆగడు, సీటు ఎగిరితే స్విచ్చు డైరెక్ట్ చేయిస్తాడు. టెండరులో ధర ఎకరాలకు కాకుండా మిషన్ గంటలకు పెట్టండి, అవర్ మీటర్ అందుకే ఉంది. వాన రోజుకు, లోపం దొరికి మిషన్ ఆపిన రోజుకు కూలీ కోయొద్దు. నేర్పించి, పేరు రాసుకున్న మనిషికి తప్ప తాళంచెవి ఇవ్వొద్దు. రోజువారీ పరీక్ష కాగితం తెలుగులో, హిందీలో, అవసరమైతే ఒడియాలో వేయించండి. నడిపేవాడు ఇది కొయ్యను అన్న చోటును సూపర్‌వైజర్ కొయ్యమనకూడదని, అలా అంటే జరిమానా కాంట్రాక్టర్‌దని ఒక షరతు చేర్చండి.

నైరుతి వానలు జూన్ రెండో వారానికల్లా పట్టుకుంటాయి, ఆ తర్వాత ఎవరికీ తీరిక ఉండదు. పట్టీ, టేపు పట్టుకుని వాలు కొలిచే పని, సున్నపు గీతల పటం, స్విచ్చుల మార్పిడి మే నెలలోనే ముగించండి. టేపు చుట్టిన స్విచ్చు దొరికితే కుర్రాణ్ని నిలదీయకండి. అది ఏ బిల్లుతో, ఎవరి సంతకంతో జరిగిందో మీ ఫైల్లోనే ఉంటుంది.

ఇట్లు,
రైడాన్ మూవర్లు నడపడం నేర్పేవాళ్లు, బాగుచేసేవాళ్లు
హైదరాబాద్